వసుంధర గారు ఆపిన జవాబు

మీరు వాదనలో ఓడించిన మనుషుల్లో ఎంతమంది ఆ తరువాత మీ మాట విన్నారు?

ఈ ఉదయం మా భోజనాల బల్ల మీద ఫోన్ ఆగకుండా గుర్రుమంటోంది. సందేశం వచ్చినప్పుడల్లా బల్ల మీది గాజు పలక సన్నగా అదిరి, ఆ అదురు నా మోచేతికి తగులుతోంది. ఢిల్లీ మయూర్ విహార్‌లో మా అపార్ట్‌మెంట్ సొసైటీ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన, కాకరకాయ రసం తాగడం మొదలుపెట్టాక షుగర్ మాత్రలు మానేశానని రాశారు. నా కాఫీ చల్లారేలోపు ఆయన మీద నవ్వు బొమ్మలు కుప్పపడ్డాయి. ఒకరు సైన్సు పాఠం చెప్పారు. ఇంకొకరు మీరెంతవరకు చదివారని అడిగారు. ఆయన మళ్ళీ నోరెత్తలేదు. నా బొటనవేలి కింద కూడా ఒక వాక్యం తయారైంది. చాలా మంచి వాక్యం, తగిలితే మనిషి లేవడు. దాన్ని పంపలేదు. ఎందుకు పంపలేదో చెప్పాలంటే, నేను జీవితంలో అందరికంటే ఎక్కువగా ఈర్ష్యపడిన మనిషి గురించి చెప్పాలి.

ఆవిడ పేరు వసుంధర అనుకోండి. ఇక్కడి పేర్లన్నీ మార్చాను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. సొంతూరు అనంతపురం పక్క, ఉద్యోగం కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు, కాపురం జనక్‌పురి. రెండువేల తొలి సంవత్సరాల్లో, ఇంట్లో కంప్యూటర్ ఉండటమే గొప్పగా చెప్పుకునే రోజుల్లో, ఢిల్లీ చుట్టుపక్కల తెలుగువాళ్ళ కోసం ఆవిడ ఒక ఈ-మెయిల్ ఫోరం నడిపేవారు. ఒకరు రాస్తే అందరికీ చేరుతుంది. అద్దె ఇళ్ళు, గోంగూర దొరికే కొట్లు, రైలు టిక్కెట్లు, పిల్లల చదువులు, మధ్యమధ్య చర్చలు. అయితే ఎవరేం రాసినా ముందు ఆవిడ దగ్గర ఆగాలి. ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, టీ తాగి, చదివి, ఆవిడ వదిలితేనే మిగతావాళ్ళకు వెళ్తుంది.

నేను గుంటూరు జిల్లా హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. కాలేజీ రోజుల నుంచీ జ్యోతిష్కులతో, పూనకాలవాళ్ళతో, నిప్పుల మీద నడిచేవాళ్ళతో వేదికలెక్కి వాదించాను. ఎక్కడ గొంతు తగ్గిస్తే చప్పట్లు పడతాయో నాకు తెలుసు. గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తున్నా మనసంతా ఫోరం మీదే. వారం పొడుగునా చెక్కి చెక్కి ఒక వ్యాసం పంపేవాణ్ణి. బాగుంది సార్ అని ఇద్దరో ముగ్గురో రాసేవాళ్ళు, అక్కడితో సరి. ఆవిడ రెండు ముక్కలు రాస్తే చాలు, అంతవరకు పలకనివాళ్ళు కూడా పలికేవాళ్ళు. ఆవిడకు శైలి లేదు. ఒక ఉపమానం వాడగా నేను చూడలేదు. ఆఫీసు ఉత్తరంలాంటి పొడి వాక్యాలు. అయినా ఇల్లు మారాలన్నా, ఇంట్లో గొడవైనా జనం అడిగేది ఆవిడనే. నాకు ఒళ్ళు మండేది. ప్రతిభ ఒకరి దగ్గర, నమ్మకం ఇంకొకరి దగ్గర ఉండటం ఎక్కడి న్యాయం?

ఫోరంలో ఆవిడ పెట్టిన పద్ధతి ప్రభుత్వ ఫైలు నుంచి తెచ్చింది. ఫైలులో నోట్ రాసేవాళ్ళు అసలు సంగతి ఏమిటో, అడిగినవాళ్ళు అడిగిందేమిటో ముందు రాయాలి. తరువాతే అభిప్రాయం, కింద సంతకం. ఫోరంలోనూ అంతే. ఎవరికైనా జవాబిస్తే మొదటి పేరాలో వాళ్ళన్నదేమిటో వాళ్ళు ఒప్పుకునేలా రాయాలి. కింద అసలు పేరు, ఉండే కాలనీ పేరు పెట్టాలి. మారుపేర్లు కుదరవు. ఇది చర్చావేదికా, మంత్రిత్వ శాఖా అని ఒకసారి ఎగతాళి చేశాను. "రెండుచోట్లా నలిగేది మనుషులే కదప్పా" అన్నారు. నిజానికి ఆ పద్ధతి నాకు కొత్త కాదు. పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ళ వాదం, చెప్పకుండా సిద్ధాంతం చెప్పకూడదని మన పాత వాదులందరికీ తెలుసు. వేదిక మీద నేనూ పూర్వపక్షం చెప్పేవాణ్ణి. పడగొట్టడానికి వీలుగా మలిచి చెప్పేవాణ్ణి, అంతే తేడా.

ఒక శీతాకాలం నరహరి అనే ఆయన ఫోరంలో రాశాడు. కరీంనగర్ మనిషి, ప్రభుత్వ కార్యాలయంలో అసిస్టెంటు. కూతురికి మూర్ఛవ్యాధి. ఘజియాబాద్ దాటాక ఉండే ఒక బాబా తాయెత్తు కట్టిన తరువాత పిల్లకు ఫిట్స్ రాలేదట. కాబట్టి సోమవారం నుంచి మాత్రలు మానిపిద్దామనుకుంటున్నానని, ఇలా మానిపించిన తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే చెప్పమని అడిగాడు. ఆ ఉత్తరం కింద వసుంధర గారు ఒక్క ముక్క చేర్చి వదిలారు: మాత్రలు మాత్రం ఇప్పుడే ఆపవద్దు, నేను ఫోన్ చేస్తాను.

మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చని నాకు తెలుసు. ఆ రోజు ఆఫీసు పని పక్కన పడేసి వ్యాసం రాశాను. ఆ పిల్ల మెడలో ఉన్నది తాయెత్తు కాదు, తండ్రి అజ్ఞానానికి రశీదు అని మొదలుపెట్టాను. ఆ పైన ఇంకా పదును పెంచాను. పంపి, ఎప్పుడు వస్తుందా అని చూస్తూ కూర్చున్నాను. ఫోరంలోకి రాలేదు. నాకే తిరిగొచ్చింది, పైన రెండే మాటలతో: 'ప్లీజ్ స్పీక్.'

ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఆ రెండు మాటలు తెలుసు. కిందివాళ్ళు రాసిన నోట్ పై అధికారికి నచ్చకపోతే కొట్టెయ్యరు, తిట్టరు. మార్జిన్‌లో ఆ మాట రాసి పంపుతారు. వచ్చి ఎదురుగా మాట్లాడు అని దాని అర్థం. నేనేమన్నా ఆవిడ కింద గుమస్తానా? ఆ శనివారం రెండు బస్సులు మారి, కోపం చల్లారకుండా కాపాడుకుంటూ జనక్‌పురి వెళ్ళాను.

ఆవిడ డాబా మీద ఎండలో కూర్చుని బఠానీలు ఒలుస్తున్నారు. నా ముందుకు కొన్ని కాయలు తోశారు. నేను ముట్టుకోలేదు. ఇది నోరు నొక్కడమని, పసిపిల్ల ప్రాణం దగ్గర మర్యాదలేమిటని, ఎల్లుండే సోమవారమని అన్నాను. అంతా విన్నారు.

"బాగా రాసినావు. ఎవరికి రాసినావు?"

"నరహరికే."

"సదివి ఏం చేస్తాడు?"

బుద్ధి తెచ్చుకుంటాడన్నాను.

"సిగ్గు పడతాడప్పా. సిగ్గు పడినోడు ఫోరం మానేస్తాడు. మాత్రలు మానిపించేది మాత్రం మానడు. నువ్వు గెలుస్తావు, ఆ పాప ఏమైతాది?"

మళ్ళీ ఆవిడే అడిగారు, మాత్రలు ఎందుకు మానిపించాలనుకుంటున్నాడో కనుక్కున్నావా అని. ఆయనే రాశాడు కదా, తాయెత్తు మీద నమ్మకంతో అన్నాను.

"అది ధైర్యం. కారణం కాదు."

కారణం ఆవిడ ఫోన్లో అడిగి తెలుసుకున్నారు. మాత్రలు వేసుకున్న రోజు పిల్ల క్లాసులో నిద్రపోతోంది. టీచరు చివరి బెంచీకి మార్చింది. తోటిపిల్లలు ఒక పేరు పెట్టి పిలుస్తున్నారు. ఇంటికొచ్చి ఏడుస్తుంటే తండ్రి చూడలేకపోతున్నాడు. మాత్రలు ఆపాలని ఎప్పటి నుంచో ఉంది. బాబా ఆ కోరికకు అనుమతి ఇచ్చాడు, అంతే.

హేతువు, హేతువు అంటూ ఊళ్ళు తిరిగినవాణ్ణి నేను. ఆ ప్రశ్న నేను అడగాల్సింది. సభలో నా ఎదుటి వక్త నా వాదాన్నే నాకంటే బాగా చెప్పి చప్పట్లు కొట్టించుకుంటే ఎలా ఉంటుందో, అలా ఉంది నాకు. పశ్చాత్తాపం కాదు. అచ్చమైన ఈర్ష్య. ఆవిడ బఠానీలు ఒలుస్తూనే ఇంకో సంగతి చెప్పారు. నరహరి తన ఉత్తరంలో పిల్ల పేరు, స్కూలు, తరగతి అన్నీ రాశాడట. ఆయనకు మెయిల్‌లో చెప్పి అవన్నీ తీసేశాకే ఆవిడ దాన్ని వదిలారు. ఆ పిల్ల రేపు పెద్దదవుతుంది, పెళ్ళికో ఉద్యోగానికో ఎవరైనా వెతికితే ఈ ఉత్తరం దొరకకూడదు అన్నారు. కంప్యూటర్ కంపెనీలో పనిచేసేది నేను. ఆ ఆలోచన కూడా ఆవిడకే వచ్చింది.

వెళ్తుంటే పని అప్పగించారు. "సోమవారం సెలవు పెట్టి ఆయనతో ఆసుపత్రికి పో. డాక్టరు ముందర నరహరికి నోరు పెగలదంట. నీకు నోరుంది కదా."

పొగమంచులో ఓ.పీ. చీటీల వరుసలో నిలబడ్డాం. నరహరి భుజం మీద పిల్ల మంకీ క్యాప్‌తో నిద్రపోతోంది. ఆయన నన్ను కాసేపు చూసి, "బాబాల మీద రాసేది మీరే గద సార్. మీరు నన్ను ఉతికి ఆరేస్తరని రెండు దినాలు కంప్యూటరే తెర్వలే. మేడం ఫోన్ చేసినంకనే తెరిచిన. నా మీద ఏం రాయలేదేంది?" అన్నాడు.

వసుంధర గారు వద్దన్నారని చెప్పాను. అది నిజమే కదా.

"మేడం చెప్తే మీరు గూడ ఇంటరా?" అని నవ్వాడు. ఆ 'గూడ' ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది.

డాక్టరు ముందు నేను గొంతు సవరించుకునేలోపే పిల్ల లేచింది. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడేది హిందీయే. నా చెయ్యి లాగి, "అంకుల్, డాక్టర్‌ సే బోలో నా, ముఝే క్లాస్ మే నీంద్ ఆతీ హై" అంది. క్లాసులో నిద్రొస్తోందని డాక్టరుకు చెప్పమని. నన్ను తెచ్చుకున్న పని ఆ ఒక్క వాక్యమే. నేనదే చెప్పాను. మాత్రలు సొంతంగా ఆపవద్దని డాక్టరు గట్టిగా చెప్పి, ఇంత నిద్ర రావడం మాకు ముందే చెప్పాలి కదా అని కసిరి, కొత్త మందు మెల్లమెల్లగా మొదలుపెట్టి పాతది తగ్గించే పద్ధతి రాసిచ్చారు. అంతసేపూ తాయెత్తు నా కళ్ళ ముందు ఊగుతూనే ఉంది. తెంపి పారేయాలని వేళ్ళు లాగాయి. సాయంత్రం ఫోన్ చేసి ఆ మాటే వసుంధర గారితో అన్నాను. "మెడలో ఉంటే ఉండనీ. మాత్ర కడుపులోకి పోవల్ల" అన్నారు.

ఈ మాటతో నాకు ఇప్పటికీ పేచీ ఉంది. మాత్ర పనిచేస్తే పేరు తాయెత్తుకు పోతుంది. బాబా అంగడి ఇంకో వీధికి పెరుగుతుంది. మౌనం కూడా మూఢనమ్మకానికి మేతే. ఇదంతా ఆవిడతో గట్టిగానే వాదించాను. అయితే అదే రాయమన్నారు. "పాప లేకుండా రాయి. నరహరి సదివి తల ఎత్తుకొని జవాబు రాసేట్ల రాయి."

నా జీవితంలో అంత కష్టపడి రాసింది లేదు. తాయెత్తు కట్టే తండ్రి ఏమనుకుంటాడో మొదటి పేరాలో రాయాలి. నరహరికి ఫోన్‌లో చదివి వినిపించాను. కాదన్నాడు. మార్చాను. మళ్ళీ కాదన్నాడు. చివరకు, "ఔ సార్, గిదే నా మాట" అన్నాక బాబాల వ్యాపారం మీద మిగతాది రాశాను. నా పదునంతా అక్కడ వాడుకున్నాను. వసుంధర గారు ఒక్క అక్షరం మార్చకుండా వదిలారు.

మొదటి జవాబు నరహరిదే. తాయెత్తు తీయలేదని, మాత్రలు మానలేదని, పిల్ల ఇప్పుడు క్లాసులో మేలుకుని ఉంటోందని, మానాలనిపిస్తే ముందు డాక్టరును అడగండని రాశాడు. చివర వసుంధర మేడంకు నమస్కారాలు. నా వ్యాసం ఊసు లేదు. ఆ తరువాత ఒక్కొక్కరుగా, ఇంట్లో ఇదే జబ్బును ఏళ్ళ తరబడి దాచుకున్న తల్లిదండ్రులు ఆయనకు రాయడం మొదలుపెట్టారు. మీ పిల్లకు ఏ మందు, ఎవరు డాక్టరు, స్కూల్లో ఏం చెప్పారు అని. నా వేదికల జీవితం మొత్తంలో, నా మాట విని ఒక మనిషి ఇంటి తలుపు తీయడం నేనెరగను. ఆవిడ ఒక ప్రశ్నతో ఇన్ని తలుపులు తీయించారు. ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు కూడా. ఎత్తితే కాస్త తక్కువ మనిషిగా కనపడేవారు, నాకు సుఖంగా ఉండేది.

పదవీ విరమణ చేసి అనంతపురం వెళ్ళేటప్పుడు ఆవిడ ఫోరం మూసేశారు. మూసేముందు సభ్యులందరికీ రాసి, ఎవరి ఉత్తరాలు ఉంచాలో ఎవరివి తుడిచెయ్యాలో అడిగి, అలాగే చేశారు. నావన్నీ ఉంచమన్నాను. నరహరి తనవి తీసేయమన్నాడు. ఆవిడ తనవి అందరికంటే ముందే తుడిచేసుకున్నారట. ఇప్పుడు ఆవిడ లేరు. నెట్‌లో వెతికితే నా వాక్యాలు కుప్పలుగా దొరుకుతాయి, ఆవిడది ఒక్కటీ దొరకదు. అయినా ఢిల్లీలో ఏ తెలుగు పెళ్ళికి వెళ్ళినా పాత ఫోరంవాళ్ళు నన్ను పట్టుకుని అడిగేది మేడం గురించే. ఈ ఈర్ష్య నాతోనే పోతుంది. పోగొట్టుకోవాలని కూడా లేదు. ఏ జవాబు రాయబోయినా నన్ను ఆపేది వివేకం కాదు, ఇదే. ఆవిడైతే ముందు ఏమడిగేవారు అని ఇది నన్ను గిల్లుతుంది. అడగకపోతే ఆవిడ మళ్ళీ గెలుస్తారు.

మీ చేతిలోనూ ఇప్పుడు ఒక మంచి జవాబు తయారుగా ఉండే ఉంటుంది. దాన్ని ఆపండి. అది ఎవరికి తగులుతుందో ఆ మనిషికి నలుగురి ముందు కాకుండా విడిగా ఫోన్ చేసి, ఎందుకని అడగండి. ఆయన చెప్పింది ఆయన ఔననేదాకా మీ మాటల్లో తిరిగి చెప్పండి. ఆ తరువాత రాయండి, కింద మీ అసలు పేరు పెట్టి రాయండి.