బూర అన్నందుకు

మొన్న మా మనవరాలి తెలుగు నోటుపుస్తకం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. బొమ్మ కింద పిల్ల గుండ్రటి అక్షరాలతో 'బూర' అని రాస్తే, వాళ్ళ టీచరు దాన్ని కొట్టేసి పైన 'బెలూన్' అని దిద్దింది. తెలుగు పుస్తకంలో, తెలుగు టీచరు! అప్పటినుంచీ పిల్ల ఇంట్లో కూడా ఆ మాట అనడం మానేసింది, నేను బూర అంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఈ నర్సీపట్నంలో మా తరం వాళ్ళమంతా బూరలూది, అవి పగిలితే ఏడ్చి పెరిగినవాళ్ళమే కదా, అదేదో బూతుమాటయినట్టు ఈ కొట్టివేత ఏమిటని చీర మార్చుకుని స్కూలుకి బయలుదేరాను.

ఆటో ఎక్కాక గుర్తొచ్చింది, రాకపోయినా బాగుండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకవరపాలెం దగ్గర ఒక పల్లె బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఆదివారాలు చర్చి ముందు బూరలమ్మే ఆయన కూతురు నా తరగతిలోనే ఉండేది. 'మా నాన్న' అన్న వ్యాసంలో ఆ పిల్ల బూరలని రాసినచోటల్లా, శుద్ధమైన తెలుగు నేర్పాలన్న పొగరుతో కొట్టేసి 'బుడగలు' అని దిద్ది, అందరి ముందూ చదివించాను. పిల్లలు గొల్లుమన్నారు.

మర్నాడు ఆ తండ్రి పని మానుకుని బడికి వచ్చాడు. సంచిలోంచి ఒక బూర తీసి, దాని మూతికి కట్టిన వెదురు పీకలోంచి ఊది వదిలేస్తే, గాలి పోతున్నంతసేపూ అది పెళ్ళిమేళంలా మోగింది.

"మా తాత కాలంలో పీక నేకుండా అమ్మీవోరు కాదండి. మోగింది కాబట్టి బూరన్నారు, పీక పోయినా పేరుండిపోనాది. నీటి మీద తేలీది బుడగండి, టీచరమ్మగారూ. మా పిల్ల తప్పేటి రాసిందండీ?"

నిఘంటువులో ఆ అర్థం లేదని చెప్పి పంపేశాను. ఎంత మూర్ఖురాలిని! ఆ పిల్ల మళ్ళీ వాళ్ళ నాన్న గురించి ఒక్క ముక్క రాయలేదు, ఇన్నేళ్ళలో నేను ఒక్కసారైనా వెళ్ళి తప్పు నాదని చెప్పలేదు.

స్కూల్లో టీచరు ఎదురొచ్చింది. అప్పటి నా వయసే ఉంటుంది, అప్పటి నా నమ్మకమే ఆ మొహంలోనూ ఉంది. ఆ రోజుల్లో కూతురి మాట కోసం బడి గుమ్మంలో నిలబడి అడిగే తండ్రి ఒకడుండేవాడు. ఇప్పుడు అడగడానికి నేనొక్కదాన్నే మిగిలాను, నేనేమో పిల్ల బాగా చదువుతోందా అని అడిగి వచ్చేశాను.