బండ మీద ముప్పై నాలుగు పళ్లు

దయ్యాలు, శకునాలు, కలలో కనిపించి చెప్పడాలు... వీటిలో దేన్నీ నేనెప్పుడూ లెక్కచేయలేదు. పదకొండేళ్లుగా మెషిన్ల మెయింటెనెన్స్‌లో ఉన్నాను. చప్పుడు మారిందంటే లోపల ఏదో అరిగిందని అర్థం. అంతకుమించి ఏమీ ఉండదు. ఆ ఒక్క రోజు సంగతి మాత్రం ఈ లెక్కలోకి రావడం లేదు.

మాది లాల్‌దర్వాజా. మా బాపు ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేశారు. నేను ఈ పనిలోకి రావడానికి ఆయనే కారణం. మూడేళ్ల కిందట పక్షవాతంతో ఆయనకు కుడి పక్క పడిపోయింది. మాట కూడా పోయింది. అమ్మ ముందు గదిలో బండల మీద చాప వేసి, అక్కడే పడుకోబెట్టి చూసుకునేది. నేను ఇంట్లో పని ముచ్చట్లు తేవడం మానేశాను. వింటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగేవి.

అప్పుడు ఫలక్‌నుమా దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. చెప్పుల సోళ్లకు రబ్బరు నలిపే రోలర్లు ఉండేవి. గేర్‌బాక్స్ షాఫ్ట్ చివర ఒక పళ్ల చక్రం, రోలర్ షాఫ్ట్ చివర ఇంకొకటి. రెండింటినీ కలిపి పట్టుకునే ఉక్కు తొడుగు లోపల కూడా పళ్లే. దాన్ని గేర్ కప్లింగ్ అంటారు. షాఫ్టులు ఒకే వరసలో లేకపోతే బరువంతా కొన్ని పళ్ల అంచుల మీదే పడుతుంది. అందుకే చక్రాల పళ్లను మధ్యలో కాస్త ఉబ్బుగా కోస్తారు. కొంచెం వంకర ఉన్నా సర్దుకుపోతాయి.

రోలర్ వైపు చక్రం అరిగిపోతే యజమాని బయట వర్క్‌షాపులో కొత్తది చేయించాడు. బాపును ఆస్పత్రికి తీసుకెళ్లి నేను రెండు రోజులు సెలవులో ఉన్నాను. వచ్చేసరికి మా ఫిట్టర్ యాదగిరి అన్న దాన్ని బిగించి, గ్రీజు నింపి మూసేశాడు. కొత్త పళ్లను నేనసలు చూడనే లేదు.

ఆ ఉదయం రబ్బరు వేయకుండా ఖాళీగా తిప్పి చూశాం. కప్లింగ్‌లో సన్నగా టక్‌టక్‌మని చప్పుడు. ఆపించి చెయ్యి పెడితే వేడిగా ఉంది. కొలిస్తే షాఫ్టులు పక్కకు జరిగి ఉన్నాయి. సరిచేశాం. చప్పుడు తగ్గింది కానీ పోలేదు. కొత్త పళ్లు కదా, నడుస్తూ నడుస్తూ కూర్చుంటాయన్నాడు యాదగిరి అన్న. యజమాని తొందరపెడుతున్నాడు.

రబ్బరు వేసే బాలమణి రోలర్ల ముందుకొచ్చి నిలబడింది. కప్లింగ్ ఆమె మోచేతికి మూరెడు దూరంలో ఉంది. దాని మీద ఉండాల్సిన ఇనుప జాలీ వెల్డింగుకు పోయింది. అది వచ్చేదాకా ఆగాలని నాకు తెలుసు. అయినా 'సరే, వేయండి' అనబోయాను.

అప్పుడే అమ్మ ఫోన్ చేసింది.

"మీ బాపు నా చేతిల ముగ్గు చాక్‌పీసు గుంజుకున్నడు. బండ మీద ఏందో గీసి, నీ ఫొటో దిక్కు చెయ్యి సూపిస్తుండు. పక్కింటోళ్లు తీసిండ్రు, పంపిస్తున్న. జెర సూడు బిడ్డా."

ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. పదకొండు దాటి పది నిమిషాలకు వచ్చింది. గుండ్రటి చక్రం, చుట్టూ పళ్లు, లోపలి అంచున, చక్రాన్ని షాఫ్టుకు బిగించే తాళం బిళ్ల కూర్చునే గాడి. మూడు పళ్లను చాక్‌పీసుతో నింపారు. పక్కనే ఒక పన్ను పెద్దగా గీసి ఉంది. పక్కలు తిన్నగా ఉన్నాయి, ఉబ్బు లేదు. దాని ఒక చివర తెల్లగా రుద్ది ఉంది.

కప్లింగ్ విప్పమన్నాను. యజమాని లొల్లి పెట్టాడు. విప్పే దాకా మెషిన్ స్విచ్ దగ్గర నుంచి నేను కదల్లేదు.

యాదగిరి అన్న బోల్టులు తీసి, తొడుగు జరిపి, గ్రీజును కిరోసిన్‌తో కడిగాడు. రోలర్ వైపు చక్రం పళ్లు తిన్నగా కోసి ఉన్నాయి. మధ్యలో ఉబ్బే లేదు. ఒక చివర మాత్రమే ఒరిసి మెరుస్తున్నాయి. లెక్కపెట్టాను, ముప్పై నాలుగు. ఫొటోలోనూ ముప్పై నాలుగే. గాడి నుంచి కుడివైపు ఐదో పన్ను, ఆరోది, పద్దెనిమిదోది మొదళ్ల దగ్గర పగిలి ఉన్నాయి. ఆ మూడో పగులు కంటికి ఆనలేదు, గోరుకు తగిలింది. బాపు నింపినవి కూడా ఆ మూడే.

యాదగిరి అన్న ఫోను చూశాడు, చక్రం చూశాడు. మెల్లగా అడిగాడు.

"బాపు ఈడికి ఎప్పుడొచ్చిండు చెల్లె?"

రాలేదన్నాను. రబ్బరు పడి బరువు తగిలాక ఆ పళ్లు విరిగి ఉంటే ఏమయ్యేదో ఇద్దరం బాలమణి ముందు అనలేదు.

ఇంటికి వెళ్లేసరికి బాపు నిద్రపోతున్నారు. కుడి చేతి వేళ్లకు చాక్‌పీసు పొడి ఉంది. ఆ చేత్తోనే గీశారని అమ్మ ఒట్టేసి చెప్పింది. నేను నమ్మలేదు. మూడు నెలలుగా ఆ చేతిని స్నానానికి కూడా మేమే ఎత్తుతున్నాం.

పళ్లు తిన్నగా కోసి ఉంటారని అనుభవంతో ఊహించవచ్చు. చాలా వర్క్‌షాపుల్లో అలాగే కోస్తారు. కానీ ఎన్ని పళ్లో, అందులో ఏవి పగిలాయో లాల్‌దర్వాజాలో పడుకున్న మనిషికి ఎలా తెలుస్తుంది?

ఏడాది తర్వాత బాపుకు మాట కొంచెం తిరిగొచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఫొటో చూపించాను. ఎడమ చేత్తో ఫోను పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఎవరు గీసిండ్రు బిడ్డా? మస్తు గీసిండ్రు."

మీరే గీశారు బాపూ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఫోను పక్కన పెట్టి, ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి నాకు చూపించి వదిలేశారు. అది ఒళ్లో పడింది.

ఆ గీత ఎవరిదో నాకు ఈరోజుకీ తెలియదు.