కువైట్‌లో ఉండి వేసిన జడ

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ప్రార్థన చేసుకునే ఇల్లు మాది. నాచారంలో మేం అద్దెకు దిగిన ఇంట్లో దయ్యం ఉందని పక్కింటివాళ్లు భయపెడితే, ఉంటే ఉండనీ, గిన్నెలు తోమిస్తా అన్నదాన్ని.

మా ఆయన పోయాక బిడ్డ మెర్సీని మా అక్క రూతమ్మకు అప్పగించి కువైట్ వెళ్లాను. ఒక ఇంట్లో వంటపని. రెండేళ్లని పోయినదాన్ని ఏళ్లకేళ్లు అక్కడే ఉండిపోయాను.

పరాయి దేశంలో అన్నేళ్లు ఉంటే వాళ్ల పిల్లలకు ఏ కూర ఇష్టమో మనకు తెలుస్తుంది. మన బిడ్డకు ఏది ఇష్టమో ఫోన్లో అడగాల్సి వస్తుంది. సెలవు మీద వస్తే మెర్సీ నాకు చుట్టాలకిచ్చే గ్లాసులో నీళ్లు తెచ్చిచ్చి, పోయి అక్క వెనక నిలబడేది. అక్క తప్పు లేదు, పిల్ల తప్పూ లేదు. అయినా నన్ను మర్చిపోతుందేమోనన్నదే నా భయం.

ఒక వానాకాలం మెర్సీకి డెంగీ వచ్చింది. నాచారంలోనే చిన్న ఆస్పత్రిలో చేర్చారు.

"నువ్వు ఫికర్ జెయ్యకు, గ్లూకోజ్ ఎక్కిస్తున్నరు" అంది అక్క ఫోన్లో.

నేనూ ధైర్యంగానే మాట్లాడాను. సెలవు అడిగితే, ఇంట్లో పెళ్లుంది, అది అయ్యాక పొమ్మంది మేడం.

ఆ మధ్యాహ్నం బియ్యం కడుగుతుంటే దుఃఖం ఆగలేదు. వంటింటి తలుపు దగ్గరికి వేసి ఏడ్చాను. కాసేపటికి నా చేతుల నిండా కొబ్బరినూనె వాసన. ఆ ఇంట్లో కొబ్బరినూనె అసలు లేదు. మేడం వచ్చి వాసన పట్టి, తలకు నూనె పెట్టుకుని ఆ చేతులతోనే వండుతావా అని కోప్పడింది. సబ్బు పెట్టి ఎంత తోమినా పోలేదు.

సాయంత్రం అక్క ఫోటో పంపింది. మంచం మీద మెర్సీ, నున్నగా దువ్విన తల, రెండు జడలు. అక్క మందుల కోసం కిందికి పోయి వచ్చేసరికి ఎవరో నూనె రాసి జడలు వేసి ఉన్నారట. నర్సు నేను కాదంది. పక్క మంచం ఆమె ఎవరూ రాలేదంది.

నాది ఎడమచేతి వాటం. నేను వేసే రిబ్బన్ ముడి అందరిలా కాకుండా తిరగేసి పడుతుంది. చిన్నప్పుడు అక్క దాన్ని చూసి తెగ వెక్కిరించేది. ఫోటోలో ముడి అట్లాగే ఉంది.

"గిది నీ ముడే గదనే" అని రాసింది అక్క. ఆ తర్వాత ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

పెళ్లి అయ్యాక వచ్చాను. ఉప్పల్‌లో బస్సు దిగి ఆటోలో ఇంటికి చేరేసరికి మెర్సీ తేరుకుని ఉంది. ఈసారి నీళ్ల గ్లాసు తేలేదు. దువ్వెన తెచ్చి నా చేతికిచ్చి, వీపు నావైపు పెట్టి కూర్చుంది.

"ఆ రోజు ఏసినట్టే ఎయ్యమ్మా."

"ఏ రోజు?" అన్నాను.

"దవాఖానల. కానీ గట్ల ఏడ్వకు. నీ కండ్లనీళ్లు నా మెడ మీద పడ్డయి."

నేను ఏడ్చిన సంగతి అక్కకు కూడా చెప్పలేదు.

ఇది ఎట్లా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యం అనుకుందామంటే నేను బతికే ఉన్నాను కదా. మళ్లీ కువైట్ మాత్రం పోలేదు.