పురట్టాసి నెలలో గిటారు తీగలు

మా పెద్దమామ దేన్నైనా కాల్చి చూడందే నమ్మరు. ఆయన మా మామగారి అన్న, కోయంబత్తూరులో మా ఇంటికి పెద్ద దిక్కు. వయసంతా నూలు వ్యాపారంలో గడిపారు. దుకాణం మూసేశారు గానీ జేబులోంచి అగ్గిపెట్టె మాత్రం తీయలేదు. ఇంటికి ఏ చీర వచ్చినా ఒక పోగు లాగి కాలుస్తారు. జుట్టు కాలిన వాసన వచ్చి బూడిదైతే పట్టు, కరిగి గడ్డకడితే నైలాను. మదురై నుంచి మా పుట్టింటివాళ్ళు తెచ్చిన పెళ్ళిచీరకు కూడా, నేను పీటల మీదికి వెళ్ళబోయే ముందు, ఈ పరీక్ష జరిగింది. చీర పాసైంది. చెంగులో ఆ పోగు పోయిన గీత ఇప్పటికీ ఉంది. ఆ రోజు మా అమ్మ ఏడ్చింది, నేను నవ్వాను. ఏడవాల్సింది నేనని తర్వాత తెలిసింది.

నేను వాయించేది క్లాసికల్ గిటారు. కుర్రాళ్ళు భుజాన తగిలించుకుని గీరుతూ పాడేది కాదు. ఒక పాదం కింద చిన్న పీట వేసుకుని, తొడ మీద ఆనించుకుని, గోళ్ళతో ఒక్కో తీగనూ మీటేది. దీనికి ఇనుప తీగలు పనికిరావు, నైలానువి కావాలి. మదురైలో ఉద్యోగం చేసే రోజుల్లో మొదలుపెట్టాను, పెళ్ళయ్యాక ఆపాను, కొడుకు హాస్టలుకు వెళ్ళాక మళ్ళీ పట్టుకున్నాను. చుట్టాలొస్తే సినిమా పాట అడుగుతారు. నేను స్పెయిన్ వాళ్ళ పాత పాఠం ఏదో ఎత్తుకుంటే కాసేపు మర్యాదగా విని కాఫీ అడుగుతారు. మా అత్తకు ఆ మర్యాద కూడా లేదు. "ఎవురో పోయిన ఇంట్లో మాదిరి ఉండాది అమ్మణీ" అని మొహం మీదే చెప్పేస్తుంది.

మా ఇంటి ముందు, వీధిలోకి షట్టరున్న గది ఒకటుంది. ఒకప్పుడు నూలు బేళ్ళు పెట్టేవారు. మూసిపెట్టిన ఆ గదిలో పిల్లలకు గిటారు నేర్పాలని నా ఆశ. ఆశ అని మర్యాదగా అంటున్నాను గానీ, ఆ గది కోసం నేను కొట్టుకుపోయాను. ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఒక బీరువా తలుపు తప్ప ఏమీ లేదు. ధైర్యం చేసి అడిగితే పెద్దమామ, "సర్టిఫికెట్టు లేని సరుకు మన ఇంట్లో అమ్మేది లేదు. పరీట్చ పాసై కాయితం తీసుకురా, గది నీదే" అన్నారు. అందరి ముందూ అన్నారు. ఆ మాట పట్టుకుని గిటారు గ్రేడు పరీక్షకు ఫీజు కట్టాను. అది సరిగ్గా పురట్టాసి నెలలో పడింది.

పరీక్షంటే కొత్త తీగలు కావాలి. పాతవి చెమటకు మొద్దుబారిపోయాయి. కొత్తవి వెతకబోతే, తీగలు ఎంచుకోవడం కంటే సంబంధం చూడడమే సులువని తెలిసింది. ఇంటర్నెట్టు నిండా గిటారు పండితులు కోడిగుడ్డు మీద ఈకలు పీకుతూ కూర్చుని ఉన్నారు. బిగువెక్కువ తీగలు వాయించలేనివాడు వాద్యగాడే కాదని ఒకాయన, బిగువు తక్కువైతేనే తీపి అని ఇంకొకాయన. కార్బన్ తీగ మోగినట్టు నైలాను మోగదని ఒకరు, కార్బన్ వింటే చెవిలో గాజుపెంకు గుచ్చుకుంటుందని మరొకరు. తా వలచింది రంభ, తా మునిగింది గంగ.

మా మాస్టరు వీళ్ళందరినీ మించినవారు. తెలుగు క్రైస్తవుల కుటుంబం, చర్చిలో వాయిస్తూ పెరిగిన మనిషి. తీగలు మార్చడం ఉత్త డాబు అని ఆయన సిద్ధాంతం. "తెగిందా? తెగలేదు గదా? తెగినాక రామ్మా" అంటారు. తన గిటారు మీది లావు తీగలు నల్లబడితే విప్పి, ఇంటావిడ రసం కాచే గిన్నెలో ఉడకబెట్టి మళ్ళీ బిగిస్తారు. ఆవిడ ఆ గిన్నెను ఆయనకే రాసిచ్చేసింది.

నా తగాదా మూడో తీగతో. నైలాను తీగల్లో లావైనది అదే. మోగమంటే అట్టపెట్టెను తట్టినట్టు డబ్బుమంటుంది. నా పరీక్ష పాఠంలో ముఖ్యమైన వరస అంతా నడిచేది దాని మీదే. చదవగలిగిందంతా చదివి, వినగలిగిందంతా విని, చివరికి మూడో తీగ ఒక్కటి కార్బన్‌తో చేసిన సెట్టు తెప్పించాను. కార్బన్ అంటే బొగ్గేమీ కాదు. అదీ ఒక రకం ప్లాస్టిక్కే, కాకపోతే సన్నగా ఉండి ఖణీమని మోగుతుంది. కొత్త తీగలు సాగి కుదురుకోవాలి కాబట్టి పరీక్షకు వారం ముందు వేద్దామని బీరువాలో దాచాను.

పురట్టాసి అంటే సెప్టెంబరు, అక్టోబరుల మధ్య వచ్చే తమిళ నెల, మా నాయుళ్ళ ఇళ్ళల్లో పెరుమాళ్ళ నెల. నెలంతా మాంసం ముట్టరు. శనివారం నామాలు పెట్టుకుని, ఆకులో నైవేద్యం పెట్టి తళిగ వేసి, గోవిందలు కొడతారు. మిగతా పదకొండు నెలలు ఊళ్ళో మటన్ కొట్లు మావాళ్ళ మీదే బతుకుతాయి. నెల ముగిసిన మర్నాడు ఆ కొట్ల ముందు వరస చూస్తే, ఇన్నాళ్ళూ ఆ భక్తిని ఎంత కష్టపడి మోశారో అర్థమవుతుంది.

నిప్పు రాజేసింది మా ఆయన. పెళ్ళాం విద్య గురించి తనకూ నాలుగు ముక్కలు తెలుసని చూపించుకోవాలని ఆయన ఉబలాటం. శనివారం తళిగ అయ్యి అందరూ ఆకుల ముందు కూర్చున్నప్పుడు ఫోను చూస్తూ మొదలుపెట్టాడు.

"పెద్దనాయనా, ఈ గిటారు తీగల్ని మొదట్లో గొర్రె పేగుతో చేస్తా ఉండినారంట."

సాంబారు వడ్డిస్తున్న అత్త చెయ్యి గాల్లో ఆగింది.

"అది ఎప్పుడో అత్తా. ఇప్పుడు అంతా నైలానే" అన్నాను.

"బీరువాలో పేగు పెట్టుకొని పెరుమాళ్ళకు తళిగ వేసినామా?"

"పోయిన నెల మీరే గదా గొర్రె పేగులు మిరియాలేసి వేయించినారు? బాగుందా బాగుందా అని అడిగి మళ్ళీ వడ్డించినారు."

"అది ఆవణి. ఇది పురట్టాసి."

నేను ఇంకో దారి పట్టాను. "కోవెల్లో మద్దెలకు ఉండేది తోలే గదా?"

"అది పెరుమాళ్ళకు కొట్టేది" అన్నారు పెద్దమామ. "నువ్వు ఎవురికి కొట్టేది?"

నిజమే, నేను నాకోసం వాయించుకుంటున్నాను. ఆ ఇంట్లో ఆడదానికి అంతకంటే పెద్ద నేరం లేదు.

"సందేగం ఎందుకు, తీసుకురా. చూసేస్తాం" అని ఆయన చెయ్యి కడుక్కుని అగ్గిపెట్టె తీశారు.

తెచ్చాను గానీ ప్యాకెట్టు వదల్లేదు. "పేగు కాకుంటే నీకేం బయం?" అన్నారు ఆయన. అందరూ నన్ను దొంగను చూసినట్టు చూశారు. "ఒక్కటే గదా, చూడనీ" అన్నాడు మా ఆయన. ప్యాకెట్టు ఇచ్చేశాను. వెండి రంగు లోహం చుట్టిన లావు తీగల్ని పెద్దమామ కంబి అని పక్కన పడేశారు. సన్నవాటిలో రెండు తెల్లగా ఒక్కలా ఉన్నాయి. మూడోది కాస్త వేరు ఛాయలో కనిపించింది. "ఇది వేరే మాదిరి ఉండాదే" అని దాన్నే పట్టుకున్నారు.

"కొసలో కావలసినంత మిగులు ఉండాది పెద్దమామా, ఆడ కత్తిరించండి" అని బతిమాలాను.

"అమ్మణీ, కల్తీ చేసేవాడు కొస మంచిగానే పెడతాడు. బేలు నడుమ చెయ్యి పెట్టి లాగాల. కల్తీ ఉండేది ఎప్పుడూ నడుమే."

నూలు బజారులో అది వేదవాక్కు కావచ్చు. ఆయన తీగను సరిగ్గా మధ్యకు మడిచి కత్తెరేశారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. అగ్గిపుల్ల గీసి అంటిస్తే ముక్క కరిగి ముద్దయింది, ఘాటు కంపు కొట్టింది, ఆయనకు దగ్గు వచ్చింది. పేగైతే రావాల్సిన జుట్టు కాలిన వాసన మాత్రం రాలేదు.

"శైవమే!" అని ప్రకటించారు. మా వైపు శాకాహారాన్ని అలాగే అంటారు, నుదుట నిలువు నామం ఉన్నవాళ్ళు కూడా. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. అత్త నాకు పాయసం ఇంకో గరిటె వేసింది. నాకు ఆ అగ్గిపెట్టె లాక్కుని ఇంకేదైనా అంటించాలనిపించింది.

మళ్ళీ తెప్పిస్తే పరీక్షలోగా రాదు. బస్సెక్కి గాంధీపురం వెళ్ళాను. వాద్యాల కొట్లో నీలం, ఎరుపు గిటార్లు చొక్కాల్లా వేలాడుతున్నాయి. కొట్టాయన ఇనుప తీగ ఒకటి చేతిలో పెట్టి, "ఎల్లా గిటారుక్కుం ఒరే కంబిదాన్ మేడం" అన్నాడు. ఏ గిటారుకైనా ఒకటే తీగట. ఇది బిగిస్తే నా గిటారు పొట్ట మీది చెక్క ఊడి వస్తుందన్నాను. అయితే కొత్త గిటారు తీసుకోమన్నాడు. మాస్టరుకు ఫోను చేస్తే, "నేను అప్పుడే చెప్పినా గదా, తెగకముందు మార్చొద్దని" అన్నారు. ఆయన గొంతులో సంతోషం దాగలేదు.

ఐదు కొత్త తీగల మధ్య ఆ మొద్దుబారిన పాత మూడోదాన్నే ఉంచాను. ఉంచి వాయిస్తే, పాటగాళ్ళ మధ్య జలుబు చేసినవాణ్ణి కూర్చోబెట్టినట్టుంది. కోపం కూడా ఒక్కోసారి పని చేయిస్తుంది. మూడో తీగ మీది స్వరాలే నాలుగో తీగ మీద, గిటారు పొట్ట వైపు ఇంకా జరిగితే దొరుకుతాయి. పాఠం మొత్తం అలా మార్చుకుని వేళ్ళకు మళ్ళీ మొదటినుంచి నేర్పాను. వేలి చివరలు వాచాయి. వంటింట్లో చేసిన పొరపాట్లన్నిటికీ అత్త గిటారునే తిట్టింది.

పరీక్ష చేయడానికి బయటి ఊరినుంచి వచ్చిన ఆయన పాఠమంతా విని, ఇంత కష్టమైన చోట ఎందుకు వాయించారని అడిగారు. ఏం చెప్పను? మా ఇంట్లో పురట్టాసి అని చెప్పనా? నాలుగో తీగ నాకు ఇష్టమన్నాను.

దీపావళికి ముందు సర్టిఫికెట్టు వచ్చింది, పాసయ్యాను. ఆ కాగితం పట్టుకుని సంతోషంగా కిందికి పరుగెత్తాను. ముందు గది షట్టరు ఎత్తి ఉంది. లోపల ఒక మనిషి నిచ్చెన మీద నిలబడి, పైన కడ్డీకి వరసగా కొక్కేలు బిగిస్తున్నాడు. గిటార్లు తగిలించడానికి పెద్దమామ చెప్పకుండానే ఏర్పాట్లు చేయిస్తున్నారనుకుని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన మీద ఇన్నాళ్ళూ పడ్డ కోపానికి సిగ్గుపడబోయాను కూడా. అప్పుడు మూలనున్న మొద్దు కనిపించింది, మాంసం కొట్టేది.

"దీపావళి మటన్ బేరానికి తెరవాలన్నారు అమ్మణీ" అన్నారు పెద్దమామ, నా వెనకే వచ్చి. "అడ్వాన్సు తీసుకున్నాను."

"మీరు గది నాకు ఇస్తా అన్నారు. అందరి ముందర అన్నారు."

"లేదన్నానా? మంచివాళ్ళనే చూసి ఇచ్చినాను. బక్తి ఉండేవాళ్ళు. పురట్టాసి పూరా షట్టరు దించేస్తారంట. ఆ నెల గది కాలీనే. కడిగించి ఇస్తారు, నువ్వు దర్జాగా పాఠం చెప్పుకో."

"చూసినావా, నీ గురించి ఎంత యోచన చేసినారో" అంది అత్త. మా ఆయన తలూపాడు. అందరూ నా వైపు తిరిగి, పెద్దాయనకు దండం పెడతానేమోనని చూశారు. నేను పెట్టలేదు.