పూతరేకుల పెట్టెలో వచ్చిన చెరువు మట్టి

రండమ్మా, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో పనేమైనా ఉంటే అది కూడా తెచ్చుకోండి, చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ వినవచ్చు. నేను చెప్పబోయేది ఒక తమలపాకు తీగ సంగతి. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పుడు నెల రోజులపాటు నాకు అన్నం సయించలేదు.

మాది రాజమహేంద్రవరంలో మూడో అంతస్తు ఫ్లాటు. మేడ మీద కుండీలు పెడితే స్లాబు కారుతుందని అపార్టుమెంటు వాళ్ళు ఒప్పుకోరు. అందుకని నా తోటంతా ఇంట్లోనే. వంటింటి కిటికీలో పుదీనా, వామాకు. హాల్లో బాల్కనీ తలుపు పక్కన, ఎండ నేరుగా పడకుండా వెలుతురు మాత్రం తగిలేచోట, పాత పెయింటు బకెట్టులో తమలపాకు తీగ.

ఆ తీగ నాది కాదు, మా అత్తయ్యగారిది. ఆవిడ మా దగ్గరికి వచ్చేసినప్పుడు తెచ్చుకున్నవి మూడే. ఒక బట్టల సంచి, ఒక అడకత్తెర, తడిగుడ్డలో చుట్టిన రెండు కణుపుల తీగముక్క. ఊళ్ళో నూతి పక్కన అవిసె చెట్టుకు ఆవిడ స్వయంగా పాకించిన తీగ అది. ఆ తరవాత ఆ నూతిని పూడ్చేశారు. అవిసె చెట్టూ పోయింది, దాని మీది తీగా పోయింది. అంటే ఇక ఆ తీగ మిగిలింది మా హాల్లోని బకెట్టులోనే. ఆకు పలచగా ఉంటుంది, నమిలిన కాసేపటికి గానీ ఘాటు తెలియదు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక్క ఆకు, గోటితో ఇంత సున్నం, రెండు వక్క పలుకులు. రోజు మొత్తంలో ఆవిడ నోరు తెరిచి అడిగేది అదొక్కటే.

మూడో ఏడు వచ్చేసరికి అరచేయంత ఉండే ఆకు చిన్న సున్నం డబ్బా మూతంత అయిపోయింది. రంగు కూడా పాలిపోయింది. అత్తయ్యగారు ఆకును వేళ్ళతో తడిమి, "మట్టిలో సారం అయిపోయిందే. దానికీ ఆకలేస్తుంది కదా, ఏమైనా పెట్టు" అన్నారు.

ఏం పెట్టాలి? కూరాకు అయితే కడుగుతాం, ఉడికిస్తాం. ఇది పచ్చిగా నోట్లోకి పోయే ఆకు. అందుకని బస్తాల్లో అమ్మే మందు ఎరువు వద్దనుకున్నాను. ఎరువుల కొట్టుకు వెళ్ళి, "మందు కలవనిది కావాలండి, ఇంట్లో కుండీకి" అని అడిగాను.

"ఇదిగోండి, ఆర్గానిక్" అంటూ కొట్టాయన ఒక ప్యాకెట్టు బల్ల మీద పెట్టారు.

విప్పి చూస్తే నల్లగా గులకరాళ్ళలా ఉంది. మట్టి వాసనా లేదు, పేడ వాసనా లేదు. "ఇందులో ఏం కలిపారండీ?"

"వెనకాల రాశారు కదండి."

"ఇంగ్లీషులో రాశారండి."

"ఇంగ్లీషులో రాశారంటే మంచిదేనండి" అన్నారాయన. నేను ప్యాకెట్టు తిరిగి ఇచ్చేసి వచ్చాను.

పేడ తెద్దామంటే మా వీధిలో తిరిగే ఆవులు తినేది ప్లాస్టిక్ కవర్లు. ఎవరో చెప్పారని వేరుశనగ చెక్క నానబెట్టి హాల్లోనే మూత పెట్టి ఉంచాను. మూడో రోజు మూత తీశాను. మావారు పేపరు చదువుతున్నవారు లేచి, "ఈ ఇంట్లో ఉండేది అదా, నేనా? తేల్చి చెప్పు" అన్నారు. దాన్ని కిందికి మోసుకెళ్ళి కానుగ చెట్టు మొదట్లో పారబోసి వచ్చాను.

అప్పుడు గుర్తొచ్చింది చెరువు మట్టి. నా చిన్నతనంలో వేసవిలో కాలవ కట్టేస్తే మా ఊరి చెరువు అడుగు దాకా ఎండేది. నల్లటి మట్టి నెర్రెలు విచ్చి పలకలు పలకలుగా లేచేది. బళ్ళకెత్తి పొలాలకు తోలేవారు. మా నాన్నగారు ప్రతి కొబ్బరి మొదట్లోనూ ఒక గంపెడు వేయించేవారు. ఒక పెళ్ళను చేతిలో నలిపి, వాసన చూసి, మాకూ చూపించేవారు. అంతకన్నా మంచి ఎరువు నాకు తెలియదు. భీమవరం దగ్గర ఊళ్ళో మా తమ్ముడు ఉన్నాడు, ఆ చెరువూ ఉంది. ఫోన్ చేశాను.

"ఒరే తమ్ముడూ, ఈ ఏడు మన చెరువు ఎండగట్టారా?"

"కట్టాం అక్కా. చేపలు కావాలా? పట్టేశాం, అయిపోయాయి."

"చేపలు కాదురా, మట్టి కావాలి."

"మట్టా? ఇక్కణ్ణించి రాజమండ్రికి మట్టి మోసుకురమ్మంటావా? మీ గోదారి గట్టున మట్టి కరువొచ్చిందా?"

"నాన్న కొబ్బరి మొదళ్ళలో వేయించేవారు చూడు, ఆ మట్టిరా."

నాన్న మాట ఎత్తేసరికి వాడు మెత్తబడ్డాడు. వారం తిరక్కుండా వచ్చాడు. ఏదో పెళ్ళికి తెప్పించిన ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టెలో మట్టి నింపి, తాడు కట్టి, భుజాన వేసుకుని, కిందికి ఎదురెళ్ళిన నాతో పాటు లిఫ్టు ఎక్కాడు. కింది ఫ్లాటావిడ అదే లిఫ్టులో ఉంది.

"పూతరేకులా పిన్నిగారూ? బెల్లంవా, పంచదారవా?" అని నన్ను అడిగింది.

"ఇవి అరగవండి" అన్నాడు మా తమ్ముడు.

బకెట్టులో పాత మట్టి సగం తీసేసి, ఆ చెరువు పెళ్ళలు నలిపి నింపాను. చేతులకు ఆ నలుపు అంటుకుంటే నాన్నగారు పక్కన నిలబడ్డట్టే అనిపించింది.

నాలుగో రోజుకు తీగ కొస తల వాల్చింది. వారానికి ఆకుల అంచులు ఇస్త్రీపెట్టె తగిలినట్టు మాడిపోయాయి. నీళ్ళు చాలలేదేమోనని ఇంకొంచెం పోశాను. ఆకులు రాలడం మొదలైంది. వేడేమోనని బకెట్టును లోపలికి జరిపాను. మట్టి మీద తెల్లగా పొడిలాంటిది లేచింది. బూజనుకుని గరిటె కాడతో గీకి పారేశాను. మర్నాటికి మళ్ళీ లేచింది.

అత్తయ్యగారికి చెప్పలేదు. ఎలా చెప్పను? ఆవిడ నా చేతిలో పెట్టిన ఒకే ఒక్క ప్రాణం అది. ఆవిడ మంచం వెనక గదిలో ఉంటుంది. ఒక కంటికి శుక్లం తీయించాం, రెండోది ఇంకా ముదరలేదన్నారు డాక్టరుగారు. అయినా చూపు అంతంతే, దూరం నుంచి చూస్తే బకెట్టులో ఏదో ఉందని తెలుస్తుందే తప్ప, ఎలా ఉందో తెలియదు. ఆ ధైర్యంతో నేను ఒక తప్పు పని చేశాను. మార్కెట్లో తమలపాకుల కట్ట కొని, అందులోంచి చిన్న ఆకులు ఏరి, తడిగుడ్డలో దాచి, మధ్యాహ్నం పూట ఆవిడకు ఇవ్వడం మొదలుపెట్టాను.

మొదటి రోజు నమిలారు, ఏమీ అనలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆకును నోట్లో పెట్టుకోకుండా మడిచి పళ్ళెంలో పెట్టేశారు.

"ఏమే, తీగ ఉందా, పోయిందా?"

"అదేంటండీ అత్తయ్యా, అలా అడుగుతున్నారు?"

"మూడు రోజుల్నుంచి బజారాకు ఇస్తున్నావు. నువ్వే చెబుతావేమోనని ఊరుకున్నాను. శుక్లం నా కళ్ళకు వచ్చింది గానీ నాలిక్కి రాలేదే."

నేను ఆ గడప మీదే కూలబడి మొత్తం చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. చెయ్యి చాపి, "పద, నన్ను దాని దగ్గరికి తీసుకెళ్ళు" అన్నారు.

బకెట్టు ముందు పీట వేసి కూర్చోబెట్టాను. కొస నుంచి మొదలు దాకా బొటనవేలితో కణుపు కణుపూ నొక్కి చూశారు. తరవాత చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకున్నారు.

"అయ్యో, అది చేపల చెరువు మట్టండీ!"

"నోరు కడుక్కుంటాలే" అని ఉమ్మేసి, నీళ్ళు అడిగారు. నోరు పుక్కిలించి అప్పుడన్నారు. "ఇది మట్టి కాదే, ఊరగాయ జాడీ. పెళ్ళిలో మీ వాళ్ళ సారె బాగాలేదని నేనేదో అన్నానట, దానికి ఇన్నాళ్ళకు మీ తమ్ముడు పెట్టెడు ఉప్పు పంపాడా?"

ఆవిడ పుట్టిల్లు సముద్రం వైపు, కాలవ చివరనున్న ఊరు. అక్కడ ఊడ్పులకు ముందు నేల మీద ఉప్పు తేలిందో లేదో నాలికతోనే చూసుకునేవారట. నేను బూజని గీకి పారేసింది ఉప్పన్నమాట.

తమ్ముడికి ఫోన్ చేశాను. "ఒరే, ఆ చెరువులో ఏం పెంచారురా?"

"చేపలు, చెప్పాను కదా అక్కా."

"చేపలకు ముందు?"

"ముందు మూడేళ్ళు లీజుకిచ్చాం. వాళ్ళు రొయ్యలేశారు" అన్నాడు.

"రొయ్యలకు నీళ్ళెక్కడివి?"

"బోరువి. ఉప్పు బోరు... అయ్యబాబోయ్, అక్కా!"

"పూతరేకులు బాగున్నాయిరా" అని పెట్టేశాను.

వాణ్ణి అనడానికేముంది? మా ఇద్దరి బుర్రలోనూ ఉన్నది నాన్నగారి నాటి చెరువు. కాలవ నీళ్ళు నిండి, గేదెలు మునిగి పడుకునే చెరువు. చోటు అదే గానీ ఆ చెరువు ఇప్పుడు లేదని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

తీగ మధ్యలో ఒక జానెడు మేర మాత్రం ఇంకా పచ్చిగా ఉందని అత్తయ్యగారి వేలికి తెలిసింది. "కత్తిపీట వద్దు, నా అడకత్తెర తే, దాని అంచు నాకు తెలుసు" అన్నారు. రెండేసి కణుపుల చొప్పున రెండు ముక్కలు కోసి, నీళ్ళతో కడిగి, తడిగుడ్డలో చుట్టించారు. ఊళ్ళోంచి ఎలా వచ్చిందో మళ్ళీ అలాగే.

మర్నాడు తెల్లవారుతూనే పాలావిడ వచ్చింది. ఆమెది గోదారి మధ్య లంక. అత్తయ్యగారు గుమ్మం దాకా నడిచి వచ్చి అడిగారు. "ఏమ్మా, వరద తీశాక మీ లంకలో మిగిలిన ఒండ్రు ఉందా?"

"ఆయ్, ఉండకేంటండి. మా అరటితోటంతా అదేనండి."

"పశువుల గత్తం?"

"ఉందండి. కిందటేడాదిది, మాగి మాగి టీ పొడిలా అయిపోయిందండి. ఎంత తెమ్మంటారు?"

"ముందు మట్టి గుప్పెడు తే. నాలిక మీద వేసుకుని చెబుతాను."

పాలావిడ నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "పెద్దమ్మగారికి ఒంట్లో బాగానే ఉందాండి?" అని అడిగింది.

మట్టి వచ్చింది. అత్తయ్యగారు రుచి చూసి, "ఇది తియ్యటి నేల" అన్నారు. గత్తం మాత్రం వాసన చూసి సరిపెట్టుకున్నారు, దేవుడి దయ. కడియం నర్సరీల వైపు పని మీద వెళ్ళిన మావారు కొబ్బరి పొట్టు ఇటుక ఒకటి, ఇంత వేపపిండి తెచ్చారు. నేను పొట్టు అలాగే కలపబోతుంటే ఆవిడ ఆపారు. "దాన్నీ కడుగు. పీచును ఉప్పుటేట్లో నానేస్తారు, పొట్టుకూ ఉప్పు పడుతుంది." నాలుగు నీళ్ళు మార్చాను. ప్రతిసారీ వేలు ముంచి నాలికకు తగిలించుకున్నాను. నాలుగోసారి ఏమీ తెలియలేదు. మావారు చూసి, "ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ మట్టి తినడం మొదలుపెట్టారు, ఇక నాకు వంటెవరు చేస్తారు?" అన్నారు.

పాత బకెట్టు పారేసి కొత్త మట్టికుండీలో రెండు ముక్కలూ నాటాం. చుట్టూ తడి గోనె కప్పాం. నీళ్ళు పోయడం లేదు, చిలకరించడమే.

తొమ్మిదో రోజు ఒక ముక్క నల్లబడి కుళ్ళింది. వెంటనే వెనక గదిలోకి వెళ్ళి, "ఒకటి పోయిందండీ అత్తయ్యా" అన్నాను.

"సరే" అన్నారు. నా చెయ్యి తడిమి, "ఈసారి మూడు రోజులు ఆగలేదు నువ్వు" అన్నారు.

ఇక మిగిలింది ఒక్కటే. రోజూ పొద్దున్నే ఆవిడ చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చేదాన్ని. పీట మీద కూర్చుని, వేలితో కణుపు తడిమి, "ఇవాళ లేదు" అని లేచేవారు. అలా ఎన్ని రోజులో. నేను స్నానం చేస్తున్నా, కూర కలుపుతున్నా ఆ ఒక్క కణుపే కళ్ళలో.

ఒక పొద్దున వేలు పెట్టి, లేవబోయినవారల్లా ఆగిపోయారు. "ఉండు. ఇదేంటే, నూక మొన గుచ్చుకున్నట్టుంది?"

కళ్ళజోడు పెట్టుకుని నేల మీద మోకాళ్ళు ఆన్చి చూశాను. పచ్చగా, నూకంత. ఆ రోజు నేను కాఫీల్లో పంచదార వెయ్యడం మరిచిపోయాను, అందరూ అలాగే తాగేశారు. మధ్యాహ్నం ఆవకాయ అన్నం రెండుసార్లు కలుపుకున్నాను.

ఇప్పుడు తీగ బాల్కనీ గ్రిల్లులో రెండో కమ్మీ దాటింది. మొదటి ముదురు ఆకు కోసి ఇచ్చిన రోజు పరీక్ష రాసిన పిల్లలా ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ సున్నం రాసుకుని, వక్క పెట్టుకుని, నమిలి, ఘాటు తెలిసేదాకా కళ్ళు మూసుకుని ఉన్నారు. "ఆ. ఇదీ" అన్నారు. తరవాత, "ఒక్క ఇంట్లోనే ఉంచితే మళ్ళీ ఇదే భయం. సాగింది సాగినట్టు ముక్కలు కోసి పంచిపెట్టు" అన్నారు.

మొదటి ముక్క పాలావిడకు ఇచ్చాం, ఇప్పుడది లంకలో అరటి నీడన పాకుతోంది. రెండోది కింది ఫ్లాటావిడకు. మూడోదాని కోసం మా తమ్ముడు స్వయంగా వచ్చాడు. ఈసారి ఆ అట్టపెట్టెలో నిజం పూతరేకులే. లిఫ్టులో కింది ఫ్లాటావిడ చూసి, "మళ్ళీ మట్టా అండి?" అని పక్కకు జరిగిందట. అత్తయ్యగారు ఒక పూతరేకు కొస విరిచి నాలిక మీద పెట్టుకుని, వాణ్ణి చాలాసేపు అలా నిలబెట్టి, "ఇందులో ఉప్పు లేదు. కూర్చో" అన్నారు.

ఇదమ్మా సంగతి. ఇంతసేపూ ఓపిగ్గా విన్నారు. మీ ఇంట నాటిన ప్రతి మొలకకూ తియ్యటి నేల, తియ్యటి నీళ్ళు దొరకాలి. ఏదైనా వాడిపోతే దాచకుండా చెప్పుకునే మనిషి మీకు పక్క గదిలోనే ఉండాలి. భోజనమయ్యాక తాంబూలం అడిగే నోరూ, అందించే చెయ్యీ మీ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి. చల్లగా, పచ్చగా ఉండండి.