గ్యారేజీలో మొక్కజొన్న జావ

న్యూజిలాండ్‌లో ఇంట్లో విస్కీ కాచుకోవడం నేరం కాదు. అయినా కడప నుంచి వచ్చిన అత్తగారికి చెప్పలేదు. మామగారు సారా తాగే పోయారు.

ఈ రోజు గ్యారేజీలో విస్కీ కోసం ఐదు కిలోల మొక్కజొన్న రవ్వ ఉడికించి, బార్లీ మొలకల పిండి కలిపాను. ఆ పిండి పడగానే పలచబడాల్సిన జావ సంకటిలా బిగుసుకుంది. మొలకల్ని తడిమీద కిలో తూచానని, ఆరాక అది సగమైందని అప్పుడు తట్టింది.

ఇంతలో అత్తగారు వచ్చారు.

“మొలకల పిండి చాల్లేదు నాయనా. ఇంకా ఉండాదా?”

మిగిలిన పిండి డబ్బా ఇచ్చాను. ఆవిడ చల్లి కలుపుతుండగానే జావ పలచబడింది.

“ఇంత జావ ఎవరికి?”

“పక్కింటాయన కోళ్లకు.”

“చల్లారినాక నేనే పోసొస్తాలే.”

ఇప్పుడు ఆవిడ బకెట్ కడుగుతున్నారు. నిజం చెప్పనా, జావంతా కోళ్లకు పోయనివ్వనా? త్వరగా చెప్పండి.