ఆ రోజు చచ్చింది పులి కాదు

మొన్న కోరంగి వైపు వెళ్తే, మడ అడవి అంచున ఒక బడి గోడ మీద బావురుపిల్లి బొమ్మ వేసి ఉంది. బైకు ఆపి చూస్తూ నిలబడిపోయాను. "అది పిల్లేనండి. మా వైపు ఎప్పుడో పులినే కొట్టి చంపేశారు" అంది పక్కనున్న టీకొట్టావిడ, గొప్పగా. ఆ కథ నాకు తెలుసు. దాన్ని పులిని చేసినవాణ్ణి నేనే.

అప్పుడు నాకు పాతికేళ్లు. మా బాబాయి చేపల చెరువుకి కాపలా ఉండేవాడు. ఆదివారం చర్చిలో ముందు బెంచీ మీదే కునుకు తీసే మనిషి, చెరువు గట్టు మీద మాత్రం రెప్ప వాల్చేవాడు కాదు. ఆయన నోట 'పిట్ట' అన్న మాట వినలేదు నేను. అది లకుముకి కావాలి, లేదా నీటికాకి కావాలి. "మనుషుల్ని 'ఒరే మనిషీ' అని పిలుస్తామేంట్రా?" అనేవాడు. ఒక తెల్లవారుజామున నన్ను గట్టు మీద బోర్లా పడుకోబెట్టి ఒక పిల్లిని చూపించాడు. బూడిదరంగు ఒళ్లు, నల్ల మచ్చలు, పొట్టి తోక. నీటి అంచున కూర్చుని, పురుగు వాలినంత మెత్తగా పంజాతో నీళ్లని తట్టింది. చేప పైకొచ్చింది. అంతే, తల మునిగేలా నీళ్లలోకి దూకేసింది! పిల్లికి నీళ్లంటే భయమని నమ్మినవాణ్ణి, నోరు తెరిచి ఉండిపోయాను. చేపతో గట్టెక్కి, ఒళ్లు విదిలించి, మా వైపు ఒక్క చూపు చూసింది. "బావురుపిల్లి. మనుషుల జోలికి రాదు" అన్నాడు బాబాయి గుసగుసగా.

నెల తిరక్కుండానే అది రెల్లు దాటుతూ మళ్లీ కనిపించింది. ఈసారి పక్కన స్నేహితులున్నారు. "అదేంట్రా?" అన్నాడొకడు. పేరు నాలుక మీదే ఉంది. పిల్లి అంటే నవ్వుతారనిపించింది. "పులి" అన్నాను. గంటలో ఊరంతా కర్రలతో వచ్చి ఆ రెల్లుని చుట్టుముట్టింది. బాబాయి చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. "పులి కాదండీ బాబూ, బావురుపిల్లండి! మావాణ్ణడగండి, వాడికి చూపించాను." అందరూ నా వైపు తిరిగారు. అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు. "పులేనండి" అన్నాను. "పెద్దాయనకి చత్వారం వచ్చినట్టుంది, తప్పుకోవయ్యా!" అని ఎవరో ఆయన్ని పక్కకి లాగేశారు.

అంతా అయ్యాక బాబాయి దాని ముందుకాలు చేతిలోకి తీసుకుని, వేళ్ల మధ్యనున్న పల్చటి పొర నాకు చూపించాడు. ఈదడానికి దేవుడిచ్చిన పొర. ఊరు ఆయన్ని వదల్లేదు. పులికీ పిల్లికీ తేడా తెలియని కాపలాదారని పోయేదాకా నవ్వింది. ఆయన చెప్పిందే నిజమని నలుగురి ముందు నేనొక్క మాట అంటే సరిపోయేది. రేపు చెప్పొచ్చులే అనుకుంటూ ఉండగానే, ఆయనకున్న రేపులన్నీ అయిపోయాయి.